భూటాన్, మాల్దీవుల ప్రాథమిక విద్య ఖర్చు పోల్చేవాళ్లకు: తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద ఏటా రికార్డులు (కాలేజీకి ఇచ్చే ప్రాజెక్టు నివేదికలు) ఇచ్చే నెల వచ్చిందంటే సంతే. బీఈడీ వాళ్లు, ఎంఏ ఎకనామిక్స్ వాళ్లు గుణుపురం నుంచి, కాశీనగరం నుంచి వస్తారు. మహేంద్రతనయ అవతల పాతపట్నం నుంచి కూడా ఒకరిద్దరు దిగుతారు. రికార్డు ఇంగ్లీషులో రాయాలి, గైడుతో ఒడియాలో మాట్లాడాలి, అనుమానం మాత్రం తెలుగులోనే పుడుతుంది. ఏళ్ల తరబడి అవే అనుమానాలు కాబట్టి ఒక చోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## అంశం ఎంచుకునేటప్పుడు

చిన్న దేశాలే ఎందుకు మాస్టారూ? ఇండియా, చైనా పెడితే బరువుగా ఉంటుంది కదా?

బరువు మీ నెత్తి మీదే పడుతుంది. మన దేశంలో బడి ఖర్చులో కేంద్రం కొంత, రాష్ట్రాలు చాలా, పంచాయతీలు ఇంకొంత పెడతాయి. ఈ ముడి విప్పేసరికి మీ ఏడాది అయిపోతుంది. 2017 జనగణన ప్రకారం భూటాన్ జనాభా 7.27 లక్షలు, 2022 లెక్కన మాల్దీవులది 5.15 లక్షలు. రెండూ కలిపినా మన ఒక పెద్ద జిల్లాకు సరిపోవు. బడ్జెట్ పత్రాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక విద్యార్థి చదవగలిగే దేశాలు ఇవి.

భూటాన్‌కీ మాల్దీవులకీ పోలికేటి? ఒకటి కొండ, ఇంకోటి సముద్రం.

పైకి పొంతన లేదు కానీ బడి ఖర్చు దగ్గర ఇద్దరిదీ ఒకే జబ్బు. భూటాన్‌లో లోయకీ లోయకీ మధ్య కొండ అడ్డం. మాల్దీవుల్లో 1,192 దీవులు, వాటిలో జనం ఉండేవి సుమారు 190, దీవికీ దీవికీ మధ్య నీళ్లు. రెండు చోట్లా పిల్లలు పలచగా చెదిరి ఉంటారు. పాతికమంది పిల్లలున్నా బడి ఉండాలి, బడి ఉంటే పంతులు ఉండాలి, పంతులుకు జీతం తప్పదు. మన ఏజెన్సీలో కొండ మీది సవర గూడెంలో బడి చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఇక తేడా ఆదాయంలో ఉంది: మాల్దీవుల తలసరి జీడీపీ భూటాన్‌కు మూడు రెట్ల పైమాట. ఖర్చు పెంచే ఇబ్బంది ఒకటే, జేబు వేరు. పోలికకు అంతకన్నా మంచి జత దొరకదు.

ఒడిశానీ ఆంధ్రానీ పోల్చేస్తే పోదా? ఇంటి పక్కవే కదా.

మంచి అంశమే, కానీ తేలిక అనుకోవద్దు. ఒడిశాలో ఆదివాసీ పిల్లల ఆశ్రమ పాఠశాలలు చాలావరకు ఎస్టీ, ఎస్సీ అభివృద్ధి శాఖ కింద నడుస్తాయి, పాఠశాల విద్యాశాఖ కింద కాదు. ఆంధ్రాలో తల్లుల ఖాతాలో వేసే డబ్బును విద్య ఖర్చు అనాలా, సంక్షేమం అనాలా అన్న తగువు ఉంది. రెండు రాష్ట్రాలూ మావే అనే 21 కొటియా పల్లెల్లో ఇద్దరూ డబ్బు పెడతారు, దాన్ని ఏ పిల్లల పేర రాస్తారో చూసుకోండి. ధైర్యం ఉంటే దిగండి.

రెండు దేశాల్లోనూ చదువు ఉచితమేనా?

ఉచితమే. రెండింటి రాజ్యాంగాలూ 2008లోనే వచ్చాయి. భూటాన్ రాజ్యాంగం 9వ అధికరణం పదో తరగతి దాకా ఉచిత విద్య ప్రభుత్వం బాధ్యత అంటుంది. మాల్దీవుల రాజ్యాంగం 36వ అధికరణం ప్రాథమిక, మాధ్యమిక విద్య ప్రభుత్వమే ఉచితంగా ఇవ్వాలంటుంది.

## అంకెలు వెతికేటప్పుడు

ప్రాథమిక విద్య అంటే ఏ తరగతి దాకా లెక్క?

మనకు అయిదో తరగతి దాకా. వాళ్లకు అలా కాదు. సగం రికార్డులు ఇక్కడే తప్పుతాయి. భూటాన్‌లో పీపీ అనే తరగతి ఒకటుంది. పీపీ అంటే ప్రీ-ప్రైమరీ అని విస్తరించి, అంగన్‌వాడీ లాంటిదేమో అనుకుని మనవాళ్లు తీసేస్తారు. నిజానికి పిల్లలు బడిలో చేరే మొదటి ఏడాది అదే. పీపీ, ఆ పైన ఆరు తరగతులు కలిపి ఏడేళ్ల ప్రాథమిక విద్య.

మాల్దీవుల్లో ఒకటి నుంచి ఏడు దాకా ప్రాథమికం అని యునెస్కో లెక్క. కానీ 2015లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక తరగతులను దశలుగా విడగొట్టింది: ఒకటి నుంచి మూడు మొదటి దశ, నాలుగు నుంచి ఆరు రెండోది, ఏడూ ఎనిమిదీ మూడోది. ఏడో తరగతి ఒక లెక్కలో ప్రాథమికం, ఇంకో లెక్కలో కాదు. దేశాల మధ్య పోలిక కాబట్టి యునెస్కో వర్గీకరణే పట్టుకోండి. అప్పుడు రెండూ ఆరేళ్ల వయసులో మొదలై ఏడేళ్లు సాగుతాయి, పోలిక కుదురుతుంది. ఏ వర్గీకరణ తీసుకున్నారో మొదటి అధ్యాయంలోనే ఒక వాక్యం రాసేయండి.

విద్యాశాఖ బడ్జెట్ దొరికింది. అది తీసుకుంటే చాలదా?

చాలదు. ఈ గోతిలో నేనే పడ్డాను. చదువుకునే రోజుల్లో ఒక సెమినార్ పేపరులో భూటాన్ విద్యామంత్రిత్వ శాఖ పద్దు మాత్రమే తీసుకుని, ‘బడుల మీద ఈ దేశానికి ఆసక్తి తక్కువ’ అని తీర్పు రాసిపారేశాను. వినడానికి వచ్చిన పెద్దాయన ‘పంతుళ్ల జీతాలు ఎక్కడున్నాయి బాబూ?’ అని ఒక్క ముక్క అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

అవి జిల్లాల పద్దులో ఉన్నాయి. భూటాన్‌లో 20 జిల్లాలు, వాళ్ల మాటలో జోంగ్‌ఖాగ్‌లు. బడులు నడిపే ఖర్చు ఎక్కువగా వాటి బడ్జెట్‌లో, థింఫూ లాంటి పట్టణాలకైతే పురపాలక పద్దులో కనిపిస్తుంది. మంత్రిత్వ శాఖ దగ్గర మిగిలేది పాఠ్యపుస్తకాలు, శిక్షణ, కేంద్ర కార్యక్రమాల వంటివి. కాబట్టి శాఖల వారీ పట్టికను వదిలేసి, రంగాల వారీ పట్టిక వెతకండి. ‘విద్యా రంగం’ అన్న వరసలో ఇవన్నీ కలిసి ఉంటాయి. మాల్దీవులకూ ఇదే పద్ధతి. లేదంటే ఒక దేశానికి రంగం లెక్క, ఇంకో దేశానికి శాఖ లెక్క పెట్టి తక్కెడలో మోసం చేసినవాళ్లవుతారు.

బడ్జెట్‌లో ఒకే పనికి మూడు అంకెలున్నాయి. ఏది రాయాలి?

అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు. మూడోదే రాయండి. అది రెండేళ్లు ఆలస్యంగా వస్తుంది, ఫరవాలేదు. అంచనా అంటే పెళ్లికి ముందు వేసుకున్న లెక్క. అప్పు తేలేది పందిరి విప్పాకే.

భూటాన్‌కి 2018-19 అనుంది, మాల్దీవులకి 2018 అనే ఉంది. ఎలా జత చెయ్యాలి?

భూటాన్ ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. మాల్దీవులది జనవరి నుంచి డిసెంబరు. మనది ఏప్రిల్. మూడు దేశాలకు మూడు ఉగాదులు. భూటాన్ 2018-19ని మాల్దీవుల 2018 పక్కనైనా పెట్టండి, 2019 పక్కనైనా పెట్టండి. ఏదో ఒకటి ఎంచుకుని చివరి పట్టిక దాకా దాన్నే పాటించండి. మధ్యలో మార్చారో, గ్రాఫులో లేని ఎగుడుదిగుళ్లు వస్తాయి.

మాల్దీవుల పత్రాలు కొన్ని వాళ్ల భాష ధివేహిలో ఉన్నాయి. వదిలేయొచ్చా?

ముఖ్యమైన వాటికి ఇంగ్లీషు ప్రతులు ఉంటాయి, ముందు అవి వెతకండి. ధివేహి పట్టికే చూడవలసి వస్తే ఒక జాగ్రత్త: వాళ్ల తాన లిపి కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. మన అలవాటు కొద్దీ ఎడమ వరసను పాత ఏడాది అనుకుంటే పెరిగింది తగ్గినట్టు కనిపిస్తుంది. శీర్షికలోని ఏడాది చూసి నిర్ధారించుకోండి. మరో ముచ్చట, ఆ లిపిలో మొదటి తొమ్మిది అక్షరాలు అరబిక్ అంకెల రూపాల నుంచి పుట్టినవే. మీ వెతుకులాటకు ఇది పనికిరాదు, నాకు నచ్చి చెప్పాను.

యునెస్కో పట్టికలో కొన్ని ఏళ్లు ఖాళీ. ముందు వెనకల సగటు వేసి నింపేస్తే?

నింపకండి. ఖాళీ అంటే సున్నా కాదు, ఆ ఏడాది ఆ దేశం నుంచి వాడదగిన వివరం అందలేదని అర్థం. గ్రాఫులో గీతను అక్కడ తెంపేయండి. తెగిన గీత చూసి ఎవరూ మార్కులు కొయ్యరు. లేని అంకెను పుట్టిస్తే కోస్తారు.

మన దేశం ఇచ్చిన డబ్బు భూటాన్ ఖర్చులో కలపాలా?

భూటాన్ ఖజానా గుండా వెళ్లిన సాయం అయితే కలపాలి, ఖర్చు పెట్టింది ఆ ప్రభుత్వమే కాబట్టి. భూటాన్ పంచవర్ష ప్రణాళికలు 1961లో మన సాయంతోనే మొదలయ్యాయి. 12వ ప్రణాళికకు మనం ఇస్తామన్నది 4,500 కోట్ల రూపాయలు, 13వ దానికి 10,000 కోట్లు. అదంతా బడులకే కాదు, రోడ్లకూ ఆసుపత్రులకూ కలిపి. ఈ రూపాయి మన విదేశాంగ శాఖ పద్దులోనూ, భూటాన్ బడ్జెట్‌లోనూ కూడా కనిపిస్తుంది, రెండుసార్లు కూడకండి. సాయం వాటా ఎంతో విడిగా చెబితే మీ పేపరు పదును పెరుగుతుంది.

## లెక్క కట్టేటప్పుడు

జీడీపీలో ఎంత శాతమో చెబితే సరిపోదా? అందరూ అదే రాస్తారు.

అందరూ రాస్తారు, అందుకే అందరూ తప్పుతారు. 2020లో కోవిడ్ దెబ్బకు పర్యాటకం ఆగి మాల్దీవుల జీడీపీ దాదాపు మూడో వంతు పడిపోయింది. అదే దెబ్బకు భూటాన్‌ది సుమారు పదో వంతు తగ్గింది. బడి ఖర్చు అంటే ముఖ్యంగా పంతుళ్ల జీతాలు, అవి హోటళ్లలా మూతపడవు. ఖర్చు అలాగే ఉండి జీడీపీ మూడో వంతు కుంగితే, నాలుగు శాతం ఆరు శాతమై కూర్చుంటుంది. అదనంగా ఒక్క సుద్దముక్క కూడా కొనకుండానే! ఆ ఏడాది అంకె చూసి ‘మాల్దీవులు విద్యకు పెద్దపీట వేశాయి’ అని రాసిన రికార్డు నా చేతికి వచ్చింది.

శాతం రాయండి. దాని పక్కన భాజకం, అంటే జీడీపీ, ఏమైందో కూడా రాయండి.

ఒకే బడిలో ఒకటి నుంచి పది దాకా ఉంటే ప్రాథమిక వాటా ఎలా విడదీయాలి?

ఈ పనిలో అసలు కష్టం ఇదే. మాల్దీవుల్లో చాలా దీవుల్లో ఒకే బడి, చిన్న తరగతులూ పెద్ద తరగతులూ ఒకే కప్పు కింద, ఒకే హెడ్‌మాస్టరు, ఒకే కరెంటు బిల్లు. భూటాన్‌లోనూ పీపీ నుంచి ఎనిమిది దాకా కలిసి నడిచే బడులున్నాయి. పద్దులో ‘ప్రాథమిక’ అని వేరే వరస ఉండదు, ఉన్నా పూర్తిగా నమ్మలేం.

పిల్లల సంఖ్య ప్రకారం పంచడం మొదటి దారి. తేలిక, కానీ తప్పుడు తీపి. పెద్ద తరగతులకు సబ్జెక్టుకో టీచరు కావాలి, ప్రయోగశాల కావాలి, కాబట్టి తలకు ఖర్చు అక్కడ ఎక్కువ. సమానంగా పంచితే ప్రాథమికానికి లేని డబ్బు ఉన్నట్టు చూపిస్తారు. రెండో దారి, జీతాలను టీచర్ల సంఖ్య ప్రకారం పంచి, మిగతా ఖర్చును మాత్రం పిల్లల సంఖ్య ప్రకారం పంచడం. రెండు దేశాల విద్యాశాఖల గణాంక పుస్తకాల్లో దశల వారీగా టీచర్ల వివరం చూసుకోండి. నా ఓటు దీనికే. ఓపిక ఉన్నవాళ్లు రెండు దారుల్లోనూ కట్టి, రెండు అంకెల మధ్య ఎంత తేడా వచ్చిందో చూపించండి. ఆ తేడా చిన్నదైతే మీ నిర్ణయం గట్టిది, పెద్దదైతే గొంతు తగ్గించి రాయాలి.

మొత్తం ఖర్చుని జనాభాతో భాగించాను. తప్పా?

తప్పే. మాల్దీవుల 5.15 లక్షల్లో 1.3 లక్షల పైన విదేశీ పనివాళ్లు. భవనాలు కట్టడానికో రిసార్టుల్లో పనికో వచ్చినవాళ్లు, ఎక్కువమంది పిల్లల్ని తెచ్చుకోరు. వాళ్లను కలిపి భాగిస్తే బడికి పోని తలల మీద బడి డబ్బు పంచినట్టు. బడిలో పేరున్న పిల్లలతో భాగించండి. ప్రభుత్వ ఖర్చు కాబట్టి ప్రభుత్వ బడుల పిల్లలే, ప్రైవేటు వాళ్లు వద్దు.

డాలర్లలోకి మార్చాలా, రూపాయల్లోకా?

భూటాన్ ఙుల్ట్రమ్ మన రూపాయితో సమానం, ఒకటికి ఒకటి. మార్చే పనే లేదు. మాల్దీవుల రుఫియాను ఏళ్లుగా డాలరుకు 15.42 దగ్గర నిలిపి ఉంచారు. మారకం తేలికే, అసలు సమస్య ధరలది. రాజధాని మాలేలో దాదాపు అన్నీ ఓడ దిగినవే. బియ్యం, ఉల్లి, కోడిగుడ్డు కూడా మన దేశం ఏటా కోటా కట్టి పంపవలసిందే. అదే డబ్బుకు అక్కడ వచ్చే సరుకు తక్కువ. అందుకే కొనుగోలు శక్తి సమానత (ఒకే సరుకు ఒక్కో చోట ఎంతకు వస్తుందో చూసి కట్టే మారకం) ప్రకారం మార్చిన అంకె కూడా దాని పక్కనే చూపించండి. జీతాలకు ఇది బాగా పనిచేస్తుంది. ఓడలో వచ్చే సిమెంటుకూ కంప్యూటరుకూ అంతగా కాదు.

‘తలసరి జీడీపీలో శాతంగా విద్యార్థి ఖర్చు’ అంటే బుర్రకెక్కట్లేదు మాస్టారూ.

ఊహించిన అంకెలతో చూద్దాం. ఒక ఇంట్లో సగటున తలకు 3 లక్షల రాబడి, పిల్లాడి బడికి 30 వేలు పెడతారు: పది శాతం. పక్కింట్లో తలకు 10 లక్షలు, పిల్లాడికి 80 వేలు: ఎనిమిది శాతం. డబ్బు ఎవరిది ఎక్కువ? పక్కింటిది. భారం ఎవరికి ఎక్కువ? మొదటి ఇంటికి. ఈ కొలత చెప్పేది భారం గురించి.

జీతాలూ భవనాలూ కలిపేయొచ్చా?

విడిగా చూపించండి. భూటాన్‌లో కట్టుబడి ఖర్చు ప్రణాళిక చక్రంతో పాటు లేచి పడుతుంది. ఒక ఏడాది మాత్రమే తీసుకుంటే ఏ దశలో పట్టుకున్నారో దాన్ని బట్టి కథ మారిపోతుంది. కనీసం అయిదేళ్ల సగటు తీయండి. జీతాల్లోనూ ఒక మెట్టు ఉంది: 2019 వేతన సవరణలో భూటాన్ ఉపాధ్యాయుల జీతాలు బాగా పెంచింది. 2019 తర్వాత గీత పైకి లేస్తే కొత్త బడులు కట్టారని రాయకండి.

ఒక్కో పిల్లాడి మీద ఖర్చు పెరిగింది. ప్రభుత్వం శ్రద్ధ పెంచిందని రాసేయనా?

ముందు పిల్లలు తగ్గారేమో చూడండి. భూటాన్‌లో జననాలు తగ్గుతూ ప్రాథమిక తరగతులు పలచబడుతున్నాయి. ముప్ఫైమందికి ఇద్దరు పంతుళ్లుండే చోట ఇప్పుడు పద్దెనిమిదిమందే ఉంటే, అదే జీతాన్ని తక్కువ తలలతో భాగిస్తున్నాం. లవం, హారం రెండిటి గీతలూ విడివిడిగా గీస్తే ఎవరి వల్ల పెరిగిందో ఇట్టే తెలుస్తుంది.

బడి భోజనం విద్య ఖర్చు కిందకి వస్తుందా?

ఎవరి పద్దులో ఉందో చూడాలి. భూటాన్‌లో 1974 నుంచి ప్రపంచ ఆహార కార్యక్రమం బడి పిల్లలకు తిండి పెట్టింది. 2018 చివరికి ఆ సంస్థ తప్పుకుని బాధ్యతను ప్రభుత్వానికి అప్పగించింది. పిల్లల కంచంలో అన్నం అదే, పద్దు మాత్రం మారింది. మాల్దీవులు 2020లో బడుల్లో ఉచిత అల్పాహారం మొదలుపెట్టాయి. భోజనంతో ఒక అంకె, భోజనం లేకుండా ఒక అంకె ఇవ్వండి. భూటాన్‌లో దూరపు పిల్లలకు హాస్టలు ఖర్చు కూడా ఉంటుంది, దాన్నీ మరవద్దు.

## రాసేటప్పుడు, వైవాలో (మౌఖిక పరీక్షలో)

చివరికి ఎవరు ఎక్కువ పెడుతున్నారు? ఒక్క మాటలో చెప్పండి.

ఒక్క మాటలో కుదరదు, రెండు మాటల్లో చెబుతాను. 2010ల రెండో సగంలో మొత్తం విద్య మీద భూటాన్ జీడీపీలో ఆరేడు శాతం మధ్య పెట్టింది, మాల్దీవులు నాలుగు శాతం దగ్గర ఉన్నాయి. ఇలా చూస్తే భూటాన్‌దే పైచేయి. కానీ మాల్దీవుల రాబడి మూడు రెట్ల పైన, జనాభాలో బడి పిల్లల వాటా కూడా తక్కువ. పిల్లాడి తలకు పడే డబ్బు చూస్తే మాల్దీవులు ముందు. రెండు వాక్యాలూ నిజమే. వైవాలో ఒకదాన్నే చెబితే రెండోది వాళ్లు అడుగుతారు.

ఎక్కువ పెట్టిన చోట చదువు బాగున్నట్టేనా?

అలా రాయలేరు. మాల్దీవుల్లో ప్రాథమిక తరగతుల్లో ఒక టీచరుకు పిల్లలు పదిమందికి అటూ ఇటూ. అది సరదా కోసం చేసింది కాదు, దీవి చిన్నది కాబట్టి అంతే పిల్లలున్నారు. సముద్రం పెంచిన ఖర్చది. నాణ్యత తేల్చాలంటే పరీక్షల వివరం కావాలి, అది వేరే పేపరు.

ఆరు శాతం పెట్టాలి అంటారు, ఆ మాట ఎక్కడిది?

మన దేశంలో విద్య మీద వేసిన కొఠారీ కమిషన్ది (1964-66), 2020 జాతీయ విద్యా విధానం మళ్లీ అదే అంది. అంతర్జాతీయంగా అయితే విద్య మీద దేశాలన్నీ కలిసి చేసిన 2015 ఇంచియాన్ ప్రకటనతో వచ్చిన కొలత వాడండి: జీడీపీలో 4 నుంచి 6 శాతం, ప్రభుత్వ ఖర్చులో 15 నుంచి 20 శాతం. రెండూ మొత్తం విద్యకు, ప్రాథమికానికి మాత్రమే కాదు.

తల్లిదండ్రులు పెట్టే డబ్బు ఎక్కడ చూపించాలి?

ప్రభుత్వ ఖర్చులో కాదు. కానీ ఒక పేరా కేటాయించండి. పిల్లల చదువు కోసం దూరపు దీవులు వదిలి మాలే చేరి, ఇరుకు గదికి అద్దె కట్టే కుటుంబాలున్నాయి. దేశ జనాభాలో పదిమందిలో నలుగురు ఆ చుట్టుపక్కలే ఉంటారు. ఆ అద్దె విద్యామంత్రి పద్దులో కనపడదు. మన ఊళ్లోనే చూడండి: గిడుగు రామమూర్తి పంతులు గారు సవర పిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పే బడులు పెట్టడానికి సొంత డబ్బు పెట్టారు. అప్పటి ప్రభుత్వ పద్దు మాత్రమే తిరగేసేవాడికి అది కనపడదు, ఆ పిల్లలకు మాత్రం బడి ఉంది.

రికార్డు ఇచ్చే ముందు ఒక్కసారి చూసి పెడతారా?

ఆదివారం పొద్దున్నే రండి. ఎక్సెల్ ఫైలు పెన్‌డ్రైవులో తెండి, ఫోనులో తీసిన ఫొటో చూడలేను. ఏ అంకె ఏ పత్రం ఎన్నో పేజీలోదో పక్క గడిలో రాసి ఉండాలి. అది లేకపోతే టీ మాత్రం తాగి వెళ్లొచ్చు.